ఇనుప సింహాసనం, ఆడపిల్లల పెళ్ళిళ్ళు



ఈ పూట మిమ్మల్ని ఒక లేని రాజ్యానికి తీసుకుపోదామనుకుంటున్నాను. లేని రాజ్యమంటే మన జానపద సినిమాల్లోలాగా రాకుమారుడు ఏడు సముద్రాలు దాటి, చిలకలో దాచిన మాంత్రికుడి ప్రాణం తీసి, రాకుమారిని పెళ్ళాడి సుఖంగా వుండే రాజ్యం కాదు. ఇక్కడ కథ పెళ్ళితో ముగియదు. పెళ్ళితోనే మొదలవుతుంది, పెళ్ళితోనే చెడుతుంది. దాని పేరు వెస్టెరోస్.

ఈ పేరు మీరు వినకపోయినా, ఇంట్లో కాలేజీ చదువుల పిల్లలుంటే వాళ్ళు వినే వుంటారు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అని 2011 నుంచి 2019 దాకా 8 విడతలుగా, మొత్తం 73 భాగాలుగా టెలివిజన్‌లో వచ్చిన కథ ఇదే. పిల్లలు తలుపు దగ్గరగా వేసుకుని అర్ధరాత్రి దాకా చూస్తూంటే, "ఏమిట్రా అది?" అని అడుగుతాం. "నీకు అర్థం కాదులే అమ్మా, అన్నీ డ్రాగన్లూ యుద్ధాలూ" అంటారు. డ్రాగన్ల మాట అలా వుంచండి. తక్కిన కథంతా మనకు బాగా తెలిసినదే. ఏ సంబంధం కలుపుకుంటే ఎవరి బలం పెరుగుతుంది, ఎవరింట్లో ఎంత ధాన్యం వుంది, ఇచ్చిన మాట తప్పితే ఏమవుతుంది, ఆడపిల్లకు తండ్రి ఆస్తి వస్తుందా రాదా. ఇవి తీసేస్తే ఆ కథలో మిగిలేది కత్తుల చప్పుడే.

ముందే ఒక మాట చెప్పాలి. ఆ టెలివిజన్ బొమ్మలో హింసా, అశ్లీలమూ రెండూ ఎక్కువే. చిన్నపిల్లలతో కూర్చుని చూసేది కాదు. నేను చెప్పబోయేది ఎక్కువగా పుస్తకాల్లోని సంగతి. అమెరికా రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాశారు వాటిని. 1948లో న్యూజెర్సీలో పుట్టిన మనిషి. మొదటి నవల 1996లో వచ్చింది, అయిదోది 2011లో. ఆయన ఇంగ్లండు చరిత్ర బాగా చదువుకున్నవారు. అక్కడ 1455 మొదలుకొని 30 ఏళ్ళపాటు లాంకాస్టర్, యార్క్ అనే రెండు రాజవంశాలు సింహాసనం కోసం కొట్టుకున్నాయి. ఈ కథలో లానిస్టర్, స్టార్క్ అన్న ఇంటిపేర్లు వింటేనే ఆ వాసన తెలుస్తుంది.

పేర్లు నోరు తిరగనివి. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నాలుగు ఇళ్ళు గుర్తుంటే చాలు. ఉత్తరాన చలిదేశంలో స్టార్కులు. పడమట బంగారు గనుల లానిస్టర్లు. దక్షిణాన పంటపొలాల టైరెల్‌లు. ఇంకా కిందికి పోతే ఎండలు మండే డోర్న్ దేశంలో మార్టెల్‌లు. వీళ్ళందరి నెత్తిమీదికీ ఒకప్పుడు నిప్పులు కక్కే డ్రాగన్ల నెక్కి వచ్చినవాళ్ళు టార్గేరియన్లు.

కథ మొదలయ్యేనాటికి ఇంచుమించు 300 ఏళ్ళ కిందట ఏగన్ అనే టార్గేరియన్ ఈ దేశం మీదికి వచ్చాడు. ఒక్కడే రాలేదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు వెంట వున్నారు, వాళ్ళే అతని భార్యలు కూడాను. ఆ వంశంలో అదొక ఆచారం. ముగ్గురికీ మూడు డ్రాగన్లు. ఓడిపోయినవాళ్ళ కత్తులన్నీ డ్రాగన్ మంటలో కరిగించి సింహాసనం చేయించాడు. కూర్చుంటే ఒళ్ళు గీరుకుపోయే సింహాసనం! రాజన్నవాడికి సుఖంగా కూర్చునే వీలుండకూడదట.

ఆ దండయాత్రలో నాకు నచ్చిన ఘట్టం ఒకటుంది. కొండమీద ఎవరూ ఎక్కలేని కోటలో చిన్నపిల్లవాడు రాజు, తల్లి అతని తరఫున రాజ్యం చూస్తోంది. కనుమలన్నీ కాపలా పెట్టి ధైర్యంగా వుంది. ఒకనాడు పెరట్లోకి వచ్చి చూసేసరికి ఏగన్ అక్క విసెన్యా డ్రాగన్ మీద ఎగిరి వచ్చి దిగి వుంది. పిల్లవాడు ఆవిడ ఒళ్ళో కూర్చుని, డ్రాగన్ ఎక్కి ఒక్కసారి తిరిగి వస్తానని తల్లిని అడుగుతున్నాడు. తల్లికి ఇంక వేరే మాట చెప్పనక్కర్లేకపోయింది. మూడు కిరీటాలు తెచ్చి ఇచ్చేసింది. పిల్లవాడు డ్రాగన్ మీద కొండ చుట్టూ తిరిగాడు. నెత్తురు చుక్క రాలకుండా రాజ్యం చేతులు మారింది.

డోర్న్ మాత్రం లొంగలేదు. అక్కడే ఏగన్ రెండో భార్య డ్రాగన్‌తో సహా కూలి చచ్చిపోయింది. తరువాత నూటయాభై ఏళ్ళు దాటాక ఒక కుర్రరాజు ఆ దేశాన్ని గెలవడానికి 10,000 మందినీ, నిలుపుకోవడానికి మరో 50,000 మందినీ పోగొట్టుకున్నాడు, తనూ పోయాడు. చివరికి ఎలా కలిసిందంటారా? రెండు పెళ్ళిళ్ళతో. డోర్న్ ఆడపడుచును ఈ రాజు చేసుకున్నాడు, ఈ రాజు చెల్లెల్ని డోర్న్ రాజకుమారుడికి ఇచ్చారు. మన పల్లెల్లో కుండమార్పిడి సంబంధం అంటామే, అదే. మూడు డ్రాగన్లు చెయ్యలేని పని పీటల మీద అయిపోయింది.

ఇక ఆ దేశపు జనం సంగతి. మొట్టమొదట అడవుల్లో 'అడవి బిడ్డలు' అనే పొట్టిజాతి వుండేది. తరువాత కంచు కత్తులతో ఆదిమానవులు వచ్చారు, చెట్లు నరికారు, కొట్టుకున్నారు, చివరికి సంధి చేసుకుని ఆ అడవి దేవుళ్ళనే తామూ కొలిచారు. ఆ తర్వాత ఇనుప కత్తులతో, ఏడు ముఖాల దేవుడితో ఆండల్‌లు దిగారు. చిట్టచివర తూర్పు నుంచి ఒక ఆడది, నిమేరియా, పదివేల ఓడల్లో తన జనాన్ని తీసుకుని డోర్న్ తీరానికి చేరింది. దిగగానే ఓడలన్నీ తగలబెట్టించింది, వెనక్కి పోయే ఆశ ఎవరికీ వుండకూడదని. ఈవిణ్ణి గుర్తుపెట్టుకోండి, ఈవిడ పెట్టిన వాడుక ఒకటి తరువాత పనికొస్తుంది.

దేవుళ్ళ విషయానికి వస్తే, ఉత్తరాదివాళ్ళకు గుడీ పూజారీ లేవు. తెల్లని మాను, ఎర్రని ఆకులు, మాను మీద చెక్కిన ముఖం, దాని ఎదుట మౌనంగా కూర్చోవడం, అంతే. దక్షిణాదివాళ్ళది ఒకే దేవుడు, ఏడు రూపాలు: తండ్రి, తల్లి, వీరుడు, కన్య, కమ్మరి, ముదుసలి, ఏడోది 'పరాయివాడు', అంటే మృత్యువు. ఆ మతంలో మాట్లాడని సన్న్యాసినులు కొందరుంటారు. యుద్ధంలో చచ్చినవాళ్ళను కడిగి, శుభ్రం చేసి, ఇళ్ళకు చేర్చడం వాళ్ళ పని. పొగిడేది వీరుణ్ణి, కడిగేది ఈ ఆడవాళ్ళు. సముద్రపు దీవుల్లో మునిగినదేవుడని ఒకడున్నాడు. తూర్పునుంచి వచ్చిన అగ్నిదేవుడు ఇంకొకడు.

స్టార్కుల ఇంటికి కోడలిగా వచ్చిన కేట్లిన్ దక్షిణాది పిల్ల, ఏడు ముఖాల దేవుణ్ణి కొలిచే ఇంట్లో పుట్టింది. భర్తది చెట్టు దేవుడు. పెళ్ళయ్యాక అతను ఆమె కోసం కోటలో చిన్న గుడి కట్టించాడు. కోడలు తెచ్చుకున్న దేవుడికి ఇంట్లో ఒక గూడు ఇవ్వాలంటే ఎంత పెద్ద మనసు కావాలో మనలో కొందరికి తెలుసు.

అన్నిచోట్లా ఇంత సామరస్యం లేదు. రాజధానిలో సెర్సీ అనే లానిస్టర్ల ఆడపడుచు, రాజమాత, చిన్నకొడుకు తరఫున ఏలుతోంది. మఠానికి రాజ్యం తీర్చవలసిన అప్పు 9 లక్షల బంగారు నాణేల పైచిలుకు. అప్పు మాఫీ చేయించుకోవడానికి ఆవిడ, వెనకటి రాజులు కష్టపడి రద్దు చేసిన మఠం సైన్యాన్ని మళ్ళీ బతికించింది. కోడలి మీద ఆ సైన్యాన్ని ఉసికొల్పుదామనీ ఆశ వుంది. సైన్యం వచ్చింది, కోడల్ని పట్టుకుంది, ఆ తర్వాత ఆవిణ్ణే పట్టుకుని చెరలో వేసింది. అత్తాకోడళ్ళ పోరులో బయటివాణ్ణి పిలిస్తే ఏమవుతుందో ఆవిడకు చెప్పేవాళ్ళు లేకపోయారు. కేట్లిన్ లాంటి వియ్యపురాలుంటే చెప్పి వుండేదేమో!

ఇప్పుడు సైన్యాల దగ్గరికి వస్తాను. అసలు చెప్పాలనుకున్నది ఇక్కడే వుంది.

వెస్టెరోస్‌లో రాజుకు జీతాలిచ్చి పెట్టుకున్న పెద్ద సైన్యం లేదు. రాజధానిలో బంగారు అంగీల కాపలావాళ్ళు కొన్నివేలమంది, రాజును కాచే వీరులు ఏడుగురు. అంతే. యుద్ధమొస్తే ప్రభువు తన కింది సామంతులకు కబురు పంపుతాడు. సామంతుడు తన కింది జమీందార్లకు, జమీందారు ఊళ్ళోవాళ్ళకు. అలా ఉత్తరాన స్టార్కుల పదిహేనేళ్ళ కొడుకు రాబ్ కబురు పంపితే కోట ముందు 12,000 మంది చేరారు. ఈ 12,000 మంది ఎవరు? నిన్నటిదాకా నాగలి పట్టినవాళ్ళు, కొడవలి పట్టినవాళ్ళు. అందులో ఎంతమందికి కాళ్ళకు సరయిన జోళ్ళున్నాయి? నాలుగో నవలలో చెప్పులు లేకుండా ఊళ్ళు తిరిగే ఒక పేద పూజారి, వీళ్ళ గురించి చెప్తాడు. అన్నదమ్ములూ, ఇరుగుపొరుగులూ కలిసి తిరునాళ్ళకు పోయినట్టు పోతారనీ, ఒక్కొక్కరే రాలిపోయాక మిగిలినవాడు ఇల్లెక్కడుందో కూడా మరిచి అడవిపాలవుతాడనీ. ఆ నాలుగు పేజీలకు నేను యుద్ధవర్ణనలన్నీ ఇచ్చేస్తాను.

మగవాళ్ళు పోయాక పంట ఎవరు కోస్తారు? ఆ దేశంలో చలికాలమంటే మూడు నెలలు కాదమ్మా, ఏళ్ళ తరబడి వుంటుంది. ఎండాకాలమూ అంతే. స్టార్కుల కోట వేడినీటి బుగ్గల మీద కట్టారు, ఆ నీరు గోడల్లోంచి పారుతుంది, అద్దాల పందిరి కింద కూరగాయలు పండించుకుంటారు. కోట పక్కనే ఒక ఊరుంది, ఎండాకాలంలో చాలా ఇళ్ళు ఖాళీ, చలికాలం రాగానే రైతులంతా వచ్చి చేరతారు. అన్నేళ్ళకు సరిపడా ధాన్యం ముందే కొట్లలో పడాలి. ఆ ఇంటివాళ్ళు తరతరాలుగా రాబోయే చలికాలాన్నే ఒకరికొకరు గుర్తుచేసుకుంటూ బతికారంటే ఆశ్చర్యమేముంది? సరిగ్గా కోతలవేళ మగాళ్ళందరినీ యుద్ధానికి పట్టుకుపోతే ఆ కొట్లు ఎలా నిండుతాయో ఏ సేనాపతీ లెక్క వెయ్యడు.

రాజధానికి అన్నం పెట్టేది టైరెల్‌ల పొలాలు. రెండో నవలలో టైరెల్‌లు తమ పిల్ల మార్జరీని రెన్లీ అనే తిరుగుబాటు రాజుకిచ్చి పెళ్ళి చేశారు. అల్లుడి పక్షాన నిలబడి, రాజధానికి పోయే బాట మూసేశారు. ఒక్క కత్తి దూయలేదు. బళ్ళు ఆపేశారు, అంతే. కొన్నాళ్ళకు నగరంలో రొట్టె దొరకడం మానేసింది. రాజుగారి చెల్లెలు, చిన్నపిల్ల మిర్సెల్లాను డోర్న్‌లో సంబంధం కుదిర్చి ఓడెక్కించి, రాజకుటుంబమంతా ఊరేగింపుగా తిరిగి వస్తోంది. దారికి రెండువైపులా జనం. ఒక తల్లి చచ్చిపోయిన పసిబిడ్డను చేతులమీద ఎత్తుకుని రాజు గుర్రం ముందుకు తోసుకు వచ్చింది. అక్కడినుంచి మొదలైంది. రొట్టె కోసం అరుపులు, రాళ్ళు, చావులు. మఠాధిపతిని కూడా ఆ గుంపు చంపేసింది.

ఆ నగరాన్ని చివరికి కాపాడింది ఏమిటంటే, మళ్ళీ మార్జరీయే. రెన్లీ చచ్చిపోయాడు, పిల్ల విధవ అయింది. లానిస్టర్లు వెంటనే మనిషిని పంపి, ఆమెను కుర్రరాజు జోఫ్రీకి అడిగారు. సంబంధం ఖాయమైంది. టైరెల్‌ల సైన్యం వచ్చి యుద్ధం గెలిపించింది, వెనకే ధాన్యం బళ్ళు వచ్చాయి. ఆకలితో వున్నవాళ్ళకు యుద్ధం గెలిచిన వీరుడు కనిపించలేదు. బళ్ళతో వచ్చిన పెళ్ళికూతురు కనిపించింది. నగరమంతా ఆమెను నెత్తిన పెట్టుకుంది. జోఫ్రీ పెళ్ళిపీటల మీదే విషప్రయోగంతో పోతే, ఆ పిల్లను అతని తమ్ముడికిచ్చి చేశారు, ఆ తమ్ముడు ఇంకా పిల్లులతో ఆడుకునే వయసువాడు. మూడు పెళ్ళిళ్ళలో ఒక్కసారైనా "నీ ఇష్టమేమిటమ్మా?" అని అడిగినట్టు లేదు. మనవరాలి పెళ్ళి వెనక అసలు మంత్రాంగం నడిపిన బామ్మగారు ఒలెన్నా ఒక్కతే ఆ పిల్ల సుఖం సంగతి ఆలోచించింది. కాబోయే మొగుడు ఎలాంటివాడని నలుగుర్నీ ఆరా తీసింది, కర్కోటకుడని తెలుసుకుంది. ఆ విషం వెనక ఆవిడ చెయ్యి వుందని కథలో చెప్తారు. నేను సమర్థించడం లేదు, వున్నది చెప్తున్నాను.

ఇక వంతెన కథ. యుద్ధానికి బయలుదేరిన రాబ్‌కు దారిలో పెద్ద నది అడ్డమైంది. దాటడానికి ఒకటే వంతెన, అది ఫ్రే వంశంవాళ్ళది. ఇంటియజమాని తొంభై దాటిన ముసలాయన, ఎనిమిదో భార్యతో కాపురం చేస్తున్నాడు, ఇంటినిండా పెళ్ళికెదిగిన పిల్లలు. కొడుకు వెడితే ప్రమాదమని తల్లి కేట్లిన్ తనే వెళ్ళి బేరం కుదుర్చుకు వచ్చింది. ఏం బేరమనుకున్నారు? రాబ్ ఆ ముసలాయన కూతుళ్ళలోనో మనవరాళ్ళలోనో ఒకతెను చేసుకోవాలి. చెల్లెలు ఆర్యాను ఆయన కొడుక్కివ్వాలి. మనవలిద్దర్ని ఇంట్లో పెట్టుకుని పెంచాలి. సుంకం కట్టి వంతెన దాటడం విన్నాం, ఇది కొడుకునూ కూతుర్నీ కట్టి దాటడం.

దాటారు, గెలిచారు. ఇంతలో రాబ్ యుద్ధంలో గాయపడ్డాడు, సేవ చేసిన పిల్లతో దగ్గరయ్యాడు, ఆమె పరువు పోకూడదని పెళ్ళాడేశాడు. పుస్తకంలో ఆమె పేరు జేన్ వెస్టర్లింగ్, టెలివిజన్‌లో పేరూ కథా మార్చారు. ఆ ఒక్క పిల్ల పరువు నిలబెట్టిన మాట నిజమే. ఫ్రేలకిచ్చిన మాటా? నాలుగువేలకు దగ్గరగా మనుషుల్ని అతని వెంట పంపిన ఇంటి మాట అది. సర్దుబాటుగా రాబ్ మేనమామకు ఆ ఇంటి పిల్ల రోజ్లిన్‌ను చేస్తామన్నారు. పెళ్ళికి రాబ్ సైన్యంతో సహా తరలివెళ్ళాడు.

ఆ దేశంలో ఒక నియమం వుంది. ఒకరింట్లో రొట్టే ఉప్పూ తిన్నాక, ఇంటివాడు అతిథికీ, అతిథి ఇంటివాడికీ హాని తలపెట్టకూడదు. మనమూ ఉప్పు తిన్న ఇల్లు అంటాం కదా, అక్కడ అది శాసనం కంటే గట్టిది. కేట్లిన్‌కు అనుమానం వుంది. అందుకే అడుగు పెట్టగానే ముందు ఆకలిగా వుందని అడిగి ఏదైనా తినమని కొడుక్కి నేర్పి తీసుకువెళ్ళింది. తిన్నారు. విందు జరుగుతోంది, పెళ్ళికూతురు ఏడుస్తూనే వుంది. కొత్త పెళ్ళికూతురు కదా, భయమేమో అనుకున్నారు అందరూ. ఆ పిల్లకు సంగతి తెలుసు. వాద్యకారులు బాణాలు తీశారు. తల్లీ కొడుకూ, వాళ్ళ సైన్యమూ ఆ రాత్రే తుడిచిపెట్టుకుపోయారు.

ఇంత దుర్మార్గం కథల్లోనే జరుగుతుందనుకునేరు. స్కాట్లండులో 1440లో ఎడింబరో కోటకు భోజనానికి పిలిచి డగ్లస్ వంశపు కుర్రవాణ్ణి, తమ్ముణ్ణి చంపారు. 1692లో గ్లెన్‌కో లోయలో మాక్‌డొనాల్డ్‌ల ఇళ్ళల్లో పన్నెండు రోజులు తిని పడుకున్న సైనికులే ఒక తెల్లవారుజామున ఇంటివాళ్ళను నరికారు. ఆ రెండింటి నుంచే ఈ ఘట్టం పుట్టిందని మార్టిన్ చెప్పారు.

రాబ్ పోతే ఉత్తరదేశం ఎవరిది? తమ్ముళ్ళిద్దరూ చనిపోయారని అప్పటికే లోకం నమ్మింది. మిగిలింది ఆడపిల్లలు. అంతకుముందు చావుదెబ్బలు తినిపించి బందీగా పెట్టుకున్న సాన్సా, పన్నెండు పదమూడేళ్ళ పిల్ల, ఒక్కసారిగా ఉత్తరానికి తాళంచెవి అయింది. టైరెల్‌లు తమ పిల్లవాడికి చేసుకుందామని తియ్యగా మాట్లాడారు. ఆ ఊసు తెలిసి లానిస్టర్లు రాత్రికి రాత్రి నిర్ణయించి తమ ఇంటి పొట్టివాడికి కట్టబెట్టారు. పెళ్ళికని కొత్తబట్టలు కుట్టించారు గానీ, ఎవరితో పెళ్ళో ఆ పూటదాకా ఆమెకు చెప్పలేదు.

సాన్సా చెల్లెలు ఆర్యా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అయినా ఉత్తరాన్ని పట్టుకున్న బోల్టన్‌లకు స్టార్కుల పిల్ల కావాలి. ఏం చేశారో తెలుసా? సాన్సా స్నేహితురాలు, కోట గుమాస్తా కూతురు జేన్ పూల్ అనే అనాథను తెచ్చి, ఆర్యా అని పేరు పెట్టి, చెట్టు దేవుడి ఎదుట క్రూరుడైన కొడుక్కిచ్చి పెళ్ళి చేశారు. చూసినవాళ్ళలో ఆమె ఆర్యా కాదని తెలిసినవాళ్ళున్నారు. మాట్లాడలేదు. ఆ గదిలోంచి ఏడుపు వినిపించినప్పుడు కోటలోని సామంతులు చలించారు, ఆర్యా ఏడుస్తోందని, అంటే తమ పాత ప్రభువు కూతురు ఏడుస్తోందని. గుమాస్తా కూతురని తెలిస్తే అంత చలించేవారా? అయిదు నవలల్లోనూ నాకు నిద్ర పట్టనివ్వని చోటు ఇదే. టెలివిజన్‌వాళ్ళు ఈ పిల్లను తీసేసి, ఆ కష్టాలన్నీ సాన్సాకే అంటగట్టారు. దానితో ఆ ప్రశ్నే లేకుండా పోయింది.

సముద్రానికి ఆవల టార్గేరియన్ల చివరి పిల్ల డెనేరిస్‌ది మరీ పచ్చి బేరం. పోయిన సింహాసనం సంపాదించుకోవాలని అన్న, పదమూడేళ్ళ చెల్లెల్ని 40,000 మంది రౌతులున్న నాయకుడికి ఇచ్చేశాడు. చెల్లెలికి బదులు సైన్యం. పిల్ల వయసు టెలివిజన్‌లో పెంచారు, మంచిపని చేశారు. ఆ గుర్రపు జాతినీ, తూర్పు నగరాల జనాన్నీ రాసేచోట మార్టిన్ చెయ్యి మొరటుగా పడిందని నా అభిప్రాయం. వెస్టెరోస్‌లో ప్రతి సేవకుడికీ ఒక మనసుంటుంది, తూర్పువాళ్ళు మాత్రం చాలావరకు గుంపులుగానే కనిపిస్తారు.

నిమేరియాను గుర్తుపెట్టుకోమన్నాను. ఆవిడ పెట్టిన వాడుక ప్రకారం డోర్న్‌లో మొదట పుట్టిన బిడ్డదే వారసత్వం, ఆడైనా మగైనా. తక్కిన రాజ్యంలో మగపిల్లవాడు వుంటే ఆడపిల్లకు లేదు. ఈ ఒక్క తేడా ఎంత దూరం పోయిందో చూడండి. సంబంధం కుదిర్చి డోర్న్‌కు పంపిన మిర్సెల్లా వుంది కదా, అన్న జోఫ్రీ పోయాక తమ్ముడు రాజయ్యాడు. డోర్న్ లెక్కలో తమ్ముడికంటే ముందు అక్కే రాణి కావాలి. డోర్న్ రాజకుమారి అరియాన్, తన తండ్రి తనను కాదని తమ్ముడికి రాజ్యం ఇస్తాడేమోనన్న భయంతో, ఈ పిల్లకు కిరీటం పెట్టాలని పన్నాగం పన్నింది. బయటపడింది. ఆ పెనుగులాటలో చిన్నపిల్ల చెవి తెగిపోయింది. పెద్దవాళ్ళ ధర్మశాస్త్రం తేలలేదు.

దీనికంటే పెద్ద గొడవ ఆ కథకు 170 ఏళ్ళ వెనక జరిగింది. మార్టిన్ దాన్ని 2018లో వేరే పుస్తకంగా వేశారు, 2022 నుంచి టెలివిజన్‌లోనూ వచ్చింది. విసేరిస్ అనే రాజు తన కూతురు రెనీరానే వారసురాలని ప్రకటించి, సామంతులందరి చేతా ప్రమాణం చేయించాడు. తరువాత రెండో భార్యకు కొడుకులు పుట్టారు. రాజు కన్నుమూయగానే ప్రమాణాలన్నీ గాలికి పోయాయి, తమ్ముడికి పట్టం కట్టారు. అక్కాతమ్ముళ్ళ యుద్ధంలో డ్రాగన్లు డ్రాగన్లను చంపుకున్నాయి, ఇద్దరూ పోయారు, చివరికి సింహాసనం రెనీరా కొడుక్కే దక్కింది.

ఇదీ గాలిలోంచి పుట్టినది కాదు. ఇంగ్లండు రాజు మొదటి హెన్రీకి ఒక్కగానొక్క వారస కుమారుడు 1120లో ఓడ మునిగి చనిపోయాడు. కూతురు మటిల్డాకు విధేయులై వుంటామని ప్రభువులు ప్రమాణం చేశారు. 1135లో రాజు పోగానే మేనల్లుడు స్టీఫెన్ వచ్చి కిరీటం పెట్టుకున్నాడు. ప్రమాణం చేసినవాళ్ళలో అతనూ వున్నాడు! 1153 దాకా దేశం రెండు ముక్కలై కాలింది. మరుసటి ఏడు మటిల్డా కొడుకు రాజయ్యాడు, రెండో హెన్రీ అంటారే, ఆయన. కొడుకును కన్నందుకు ఒప్పుకున్నారు గాని, ఆవిడను ఒప్పుకోలేదు.

చివరగా ఒక పెళ్ళి చెప్పి ముగిస్తాను. టెలివిజన్‌లో ఇది లేదు, అయిదో నవలలో వుంది. ఉత్తరపు చివర 300 మైళ్ళ పొడవున, 700 అడుగుల ఎత్తున మంచుగోడ ఒకటుంది. ఇంగ్లండులో రోమన్లు కట్టిన పాతగోడ మీద నిలబడి చూసినప్పుడు మార్టిన్‌కు ఆ ఊహ వచ్చిందట. గోడకు ఆవలివాళ్ళు అడవిమనుషులని ఇవతలివాళ్ళ ద్వేషం. గోడ కాపలాకు 19 కోటలుండగా మూడింట్లోనే మనుషులున్నారు. ఆ గోడ దగ్గరికి మంచులో చచ్చేలా గుర్రం తోలుకుని ఒక పదిహేనేళ్ళ పిల్ల వచ్చింది, పేరు ఆలిస్. వాళ్ళ ఊరి మగవాళ్ళంతా రాబ్ వెంట యుద్ధానికి పోయారు, పంట ఇంటికి చేరలేదు. అన్నదమ్ముల్లో ఇద్దరు పోయారు. ఆస్తి కోసం బంధువులే బలవంతంగా పెళ్ళి చేసుకోబోతే పారిపోయి వచ్చింది. కాపలాదళం నాయకుడు, స్టార్కుల ఇంట పెరిగిన జాన్, ఆమెకొక దారి చూపించాడు. గోడ దాటి వచ్చిన అడవిజాతి నాయకుణ్ణి పెళ్ళాడితే, అతని మనుషులు ఆమె ఇల్లు నిలబెడతారు, అతని జనానికి నిలవ నీడ దొరుకుతుంది. ఆమె సరేనంది.

ఆ పెళ్ళి అగ్నిదేవుడి పూజారిణి చేయించింది. పెళ్ళికూతురిది చెట్టు దేవుడు, పెళ్ళికొడుక్కి ఆమె భాష సరిగ్గా రాదు. మంచు పడుతూనే వుంది. ఆ మంటను చుట్టి నిలబడ్డవాళ్ళు నిన్నటిదాకా ఒకరి మీద ఒకరు బాణాలు వేసుకున్నవాళ్ళు. విందులో కాపలావాళ్ళ కొట్లలోంచి తీసిందే పెట్టారు. ఇంకా ఎన్నేళ్ళు రావాలో తెలియని ఆ ధాన్యాన్ని అప్పటికే గుమాస్తా బౌవెన్ మార్ష్ లెక్కపెట్టి, ఇంతమందికి చాలదని చెప్పి వున్నాడు.